కోరింగలో నీటిపిల్లి కనిపిస్తుందా? టికెట్ కంటే ముందు ఆటుపోట్ల వేళలు చూసుకోండి

మీ ప్రశ్న ఇదీ: సంక్రాంతి సెలవులకు పిల్లలతో, పెద్దవాళ్లతో హైదరాబాద్ నుంచి కాకినాడ వస్తున్నారు, ఒక రోజు అక్కడి మడ అడవి (ఉప్పునీటి బురదలో పెరిగే అడవి) అయిన కోరింగ అభయారణ్యానికి పెట్టుకున్నారు. నీటిపిల్లి కనిపిస్తుందా, ఏ వేళకు వెళ్తే జంతువులు ఎక్కువ కనబడతాయి, బోటు ఎక్కాలా, చెక్క వంతెన మీద నడిస్తే చాలా?

పగటిపూట నీటిపిల్లి మీద ఆశ పెట్టుకోకండి. అది చేపలు పట్టి తినే అడవి పిల్లి, చీకటి పడ్డాక తిరిగే జంతువు. దాని అడుగులు మాత్రం బురదలో చూడొచ్చు. నీటికుక్కలు కనబడే అవకాశం కొంత ఉంది, అది మీ ఓపికను బట్టి. పీతలు, బురద మీద గెంతే చేపలు, లకుముకి పిట్టలు, కొంగలు దాదాపు ఖాయం, కానీ నీళ్లు తీసిన వేళకు వెళ్తేనే. కోరింగ నుంచి తిరిగొచ్చి "చెట్లూ నీళ్లూ తప్ప ఏమీ లేదండీ" అనేవాళ్లలో చాలామంది నిండు పోటులో వెళ్లినవాళ్లే. బురద అంతా నీటి కింద ఉన్నప్పుడు దాని మీద బతికే జీవాలు ఎలా కనబడతాయి? అందుకే ఈ అడవికి గడియారం చూసి కాదు, సముద్రం చూసి బయల్దేరాలి.

ఆటు ఎప్పుడో లెక్క కట్టడం ఎలా

కాకినాడ తీరంలో రోజుకు రెండు పోట్లు (నీళ్లు ఎక్కడం), రెండు ఆట్లు (నీళ్లు తీయడం) వస్తాయి. పోటుకూ ఆటుకూ మధ్య దాదాపు ఆరుంపావు గంటలు. రోజురోజుకూ ఈ వేళలు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటాయి. ఫోన్‌లో ఆటుపోట్ల పట్టికలు చూపించే యాప్‌లు చాలా ఉన్నాయి, కాకినాడ అని కొడితే వస్తుంది. యాప్ లేకపోయినా గోడకున్న తెలుగు క్యాలెండర్ చాలు, తిథి చూస్తే గంట అటూఇటూగా తేలిపోతుంది.

పౌర్ణమికీ అమావాస్యకూ పొద్దున తొమ్మిది ప్రాంతంలో నిండు పోటు, మధ్యాహ్నం మూడు ప్రాంతంలో ఆటు. ఆ రోజుల్లో నీటిమట్టం తేడా కూడా ఎక్కువ, ఒకటిన్నర మీటరు దాకా ఉంటుంది. అంటే మధ్యాహ్నం రెండున్నర నుంచి సాయంత్రం గేటు మూసేదాకా బురద నేల బాగా బయటపడి ఉంటుంది, వెలుతురూ మెత్తబడుతుంది. మీలాంటి వాళ్లకు ఇంతకంటే మంచి రోజు లేదు. దశమి, ఏకాదశి తిథుల్లో ఆటు పదకొండు, పన్నెండు గంటల ప్రాంతంలో వస్తుంది. పొద్దున గేటు తీయగానే వెళ్లాలనుకునేవాళ్లకు అవి నప్పుతాయి. అష్టమికి ఆటు పొద్దున తొమ్మిదికి అటూఇటూగా వస్తుంది గానీ అవి చిన్న పోట్ల రోజులు, నీళ్లు అంతగా తీయవు, బురద అంచు మాత్రమే కనబడుతుంది. పౌర్ణమి, అమావాస్య దాటిన మూడు నాలుగు రోజులకు నడి మధ్యాహ్నం పోటు ఉంటుంది. ఆ రోజుల్లో నడకకంటే బోటు మేలు.

ఒక మెలిక ఉంది. పట్టికలో ఉండేది సముద్రపు ఒడ్డు లెక్క. లోపలి కాలువల్లోకి నీళ్లు చేరడానికీ తిరిగి లాగడానికీ ఇంకాస్త సమయం పడుతుంది. అందుకని పట్టికలోని ఆటు వేళకు గంటన్నర ముందు లోపల ఉండి, ఆ వేళ దాటాక మరో గంట ఉండేలా చూసుకోండి.

సంక్రాంతి సూర్యుణ్ణి బట్టి వచ్చే పండగ కాబట్టి ఆ రోజున ఏ తిథి పడుతుందో ఏటేటా మారుతుంది. కనుక మీరు వచ్చే ఏడాది తిథి చూసుకుని, సెలవుల్లో ఏ రోజు కోరింగకు, ఏ రోజు అన్నవరం, ద్రాక్షారామాలకు అన్నది తేల్చుకోండి. గుడికి ఏ రోజైనా వెళ్లొచ్చు, అడవికి అలా కుదరదు. కనుమ, ముక్కనుమ రోజుల్లో జనం విపరీతంగా ఉంటారు, పాటలు పెట్టుకుని నడిచేవాళ్ల మధ్య ఏ జీవమూ బయటకు రాదు. పుష్య బహుళ అమావాస్యను చొల్లంగి అమావాస్య అంటారు. ఆ రోజు సముద్ర స్నానాలకు వేలమంది అటే వస్తారు. అభయారణ్యం ద్వారం ఉన్నది కూడా చొల్లంగిలోనే, కాబట్టి పుణ్యస్నానం కోసమైతే రండి గానీ జంతువుల కోసమైతే ఆ రోజు వద్దు.

చెక్క వంతెన మీద

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో చొల్లంగి దగ్గర దిగాలి. యానాం వైపు వెళ్లే బస్సులు ఆ దారినే పోతాయి, ఆటోలూ దొరుకుతాయి. రైల్లో వచ్చేవాళ్లు కాకినాడ టౌన్‌లో గానీ సామర్లకోటలో గానీ దిగొచ్చు. టికెట్ ధరలు, గేటు వేళలు, బోట్లు తిరిగే రోజులు మారుతూ ఉంటాయి కాబట్టి ముందురోజు కాకినాడ అటవీ శాఖ వన్యప్రాణి విభాగానికి ఫోన్ చేసి కనుక్కోండి.

లోపలికి వెళ్లగానే అందరూ చేసే పని, వంతెన మీద చివరిదాకా గబగబా నడిచి, ఫొటోలు దిగి, వచ్చేయడం. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. ఆ పని చేయకండి. నీళ్లు తీసిన ఒక చిన్న కాలువ వంపు చూసుకుని, రెయిలింగ్ దగ్గర పది నిమిషాలు కదలకుండా నిలబడండి. మొదటి రెండు మూడు నిమిషాలు ఏమీ ఉండదు. మీ అడుగుల అదురుకు, మీ నీడకు అన్నీ బొరియల్లోకి దూరి ఉంటాయి. మెల్లగా ముందు పీతలు బయటకు వస్తాయి. మగ పీతకు ఒక డెక్క చాలా పెద్దది, రంగురంగులుగా ఉంటుంది. దాన్ని పైకెత్తి ఊపుతూ ఆడ పీతను పిలుస్తుంది, పక్క బొరియవాణ్ణి బెదిరిస్తుంది. చిన్న డెక్కతో బురద తీసి నోట్లో పెట్టుకుని, తినదగ్గది వడకట్టుకుని, మిగతాది ఆవగింజల్లాంటి ఉండలుగా చేసి వదిలేస్తుంది. బొరియ చుట్టూ ఆ ఉండలు తాజాగా, తడిగా ఉంటే పీత ఇప్పుడే లోపలికి దూరిందని అర్థం, అక్కడే చూస్తూ ఉండండి.

పిల్లలకు బాగా నచ్చేది మడ్‌స్కిప్పర్, అదే బురద మీద గెంతే చేప. ముందు రెక్కలను చేతుల్లా ఆన్చి పాకుతుంది, తోకతో కొట్టి ఎగురుతుంది. కళ్లు నెత్తి మీద ఉబ్బి ఉంటాయి. కాసేపు గమనిస్తే ఒక్కో కన్ను లోపలికి దిగి మళ్లీ పైకి రావడం కనబడుతుంది, కంటి తడి ఆరిపోకుండా అది చేసుకునే ఏర్పాటు. చర్మం తడిగా ఉన్నంతసేపు చర్మంతోనూ, మొప్పల గదిలో దాచుకున్న నీటితోనూ గాలి పీల్చుకుంటుంది. అందుకే అప్పుడప్పుడూ నీటి మడుగులో ఒకసారి దొర్లి వస్తుంది. రెండు మగ చేపలు ఎదురుపడితే వీపు మీది రెక్కను నిక్కబొడుచుకుని నోళ్లు తెరుచుకుంటాయి. ఇదంతా చూడటానికి బైనాక్యులర్ కూడా అక్కర్లేదు, నిలబడే ఓపిక ఉంటే చాలు.

చెట్ల దగ్గరా కాసేపు ఆగండి. నేలలోంచి పెన్సిళ్లలా పైకి పొడుచుకొచ్చేవి మడ చెట్ల ఊపిరి వేళ్లు. గాలి ఆడని బురదలో వేళ్లకు ప్రాణవాయువు అందేది వాటి ద్వారానే. తెల్ల మడ ఆకు మీద పొద్దున పూట తెల్లగా ఉప్పు పొర కనిపిస్తుంది, చెట్టు తాను పీల్చిన ఉప్పును ఆకుల మీది గ్రంథుల ద్వారా బయటకు నెట్టేస్తుంది. ఉప్పుపొన్న వేళ్లు కొమ్మల నుంచి వంగి వచ్చి ఊతకర్రల్లా దిగుతాయి. దాని గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, పొడుగ్గా పచ్చటి కాయలా వేలాడుతుంది. ఇవి కాక గుగ్గిలం, కళింగ చెట్లు ఉంటాయి. తిల్ల చెట్టును మాత్రం ముట్టుకోనివ్వకండి. దాని పాలు కంట్లో పడితే తీవ్రమైన మంట, తాత్కాలికంగా చూపు పోయే ప్రమాదమూ ఉంది, ఒంటి మీద పడితే బొబ్బలొస్తాయి. ఏ చెట్టు ఏదో పోల్చుకోలేనప్పుడు పిల్లలకు చెప్పాల్సింది ఒకటే: ఆకు తెంపొద్దు, కొమ్మ విరవొద్దు. పొరపాటున పాలు తగిలితే ఆ చేత్తో కన్ను నలపకుండా మంచినీళ్లతో ధారగా చాలాసేపు కడగండి, కంటికి తగిలితే వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లండి.

వంతెన చెక్కలు పొద్దున పూట, వాన తర్వాత జారతాయి. కొన్నిచోట్ల చెక్కలు వదులై ఉండొచ్చు. పెద్దవాళ్లకు నున్నటి అడుగున్న చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు వేయించండి. దిగి బురదలో నడుద్దామన్న సరదా అసలే వద్దు. మోకాలి దాకా దిగబడటం ఒక ఎత్తు, ఊపిరి వేళ్లు విరిగిపోవడం ఇంకో ఎత్తు. మొసళ్లు ఉంటాయా అని చాలామంది అడుగుతారు. ఉప్పునీటి మొసళ్లు చూడాలంటే ఒడిశాలోని భితర్‌కనికకు వెళ్లాలి, కోరింగకు జనం వచ్చేది వాటికోసం కాదు.

బోటు ఎప్పుడు ఎక్కాలి

ఎక్కండి, కానీ వంతెన బదులుగా కాదు. రెండింటి వేళలు వేరు. బాగా ఆటు ఉన్నప్పుడు చిన్న కాలువల్లో నీళ్లుండవు, బోటు అడుగు బురదకు తగిలి కూరుకుపోతుంది. అందుకే బోటువాళ్లు ఆ వేళలో తీయరు, తీసినా పెద్ద కాలువలోనే తిప్పి తెస్తారు. నీళ్లు సగానికి పైగా ఎక్కాక అయితే లోపలి పాయల్లోకి పోవచ్చు. కాబట్టి ఆటులో నడక, నీళ్లు ఎక్కేటప్పుడు బోటు. ఆటు మధ్యాహ్నం మూడింటికి పడే రోజైతే తిరగేసి, పొద్దున పదింటికి బోటు, మధ్యాహ్నం నడక.

బోటులో ముందు భాగంలో, ఎండకు వీపు పెట్టి కూర్చోండి. నడిపేవారికి మర్యాదగా ముందే చెప్పుకోండి: మలుపు దగ్గర వేగం తగ్గించమనీ, లోపల ఒకచోట ఐదు నిమిషాలు ఇంజన్ ఆపమనీ. వాళ్లు ఆ ఏరుల్లో పుట్టి పెరిగిన మత్స్యకార కుటుంబాలవాళ్లు, ఏ మలుపులో నీటికుక్కలు తిరుగుతున్నాయో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. "జంతువులు చూపించండి" అంటే మామూలు చక్కరే తిప్పుతారు. "నీటికుక్కలు ఈ మధ్య ఎక్కడ కనబడ్డాయండీ?" అని అడిగితే మాట కలుస్తుంది. దగ్గరకు పోనివ్వమని మాత్రం ఒత్తిడి చేయకండి. గుంపు ఒడ్డెక్కి చేప తింటున్నప్పుడు బోటు మీదికి పోతే చేప వదిలేసి నీట్లోకి దూకుతాయి, ఆ పూట వాటి తిండి పోయినట్టే. లైఫ్ జాకెట్ అందరికీ ఇచ్చేదాకా బోటు కదలనివ్వకండి, పిల్లలకు సరిపోయే కొలత అడిగి తీసుకోండి.

అడుగులు చదవడం

నీటిపిల్లిని బావురుపిల్లి అని కూడా అంటారు. ఇంటి పిల్లికి రెండింతలుంటుంది. బూడిద రంగు ఒళ్లు, దాని మీద వరుసలుగా నల్లటి మచ్చలు, పొట్టి తోక. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఎక్కువ రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్‌లోని జంతువు. కోరింగలో ఇవి మంచి సంఖ్యలోనే ఉన్నాయని కెమెరా ట్రాపులతో (జంతువు కదిలితే వాటంతటవే ఫొటో తీసే కెమెరాలతో) తేలింది, అయినా పగలు మడ పొదల్లో పడుకుని ఉంటాయి కాబట్టి మన కంట పడవు.

ఆటులో కాలువ అంచులు చూడండి. నాలుగు వేళ్లు, గుండ్రటి అడుగు ఉంటే పిల్లి జాతిది. మామూలుగా పిల్లి అడుగులో గోళ్లు పడవు గానీ నీటిపిల్లి గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు, అందుకని మెత్తటి బురదలో గోటి గుర్తులు పడొచ్చు. ఇక్కడే చాలామంది నక్క అడుగనుకుని పొరబడతారు. నక్క అడుగు కోలగా, సన్నగా ఉంటుంది, రెండు మధ్య వేళ్లు ముందుకు పొడుచుకొస్తాయి. నీటికుక్కకు ఐదు వేళ్లు, మధ్యలో చర్మపు పొర. పక్కనే తోక ఈడ్చిన గీత ఉంటే ఇక అనుమానం లేదు. వాటి పెంట చేపల పొలుసులతో, పీత పెంకు ముక్కలతో నిండి, ఘాటుగా చేపల వాసన వేస్తుంది. ఫొటో తీసేటప్పుడు అడుగు పక్కన నాణెమో పెన్నో పడేలా తీస్తే తర్వాత పరిమాణం తెలుస్తుంది. అది కూడా వంతెన మీది నుంచి అందేంత దూరంలో ఉంటేనే.

పక్షులకు లెక్క వేరు

ఇక్కడ ఆటులో వెళ్లమన్న సలహాను కాస్త సవరించాలి. వలస వచ్చే ఉల్లంకి జాతి పిట్టలు నిండు ఆటులో దూరంగా, విశాలమైన బురద మేట మీద చెల్లాచెదురై ఉంటాయి, బైనాక్యులర్‌లో కూడా చుక్కల్లా కనిపిస్తాయి. పోటు ఎక్కడం మొదలైన గంటా రెండు గంటల తర్వాత నీరు వాటిని ఒడ్డువైపు తోస్తుంది. మేత దొరికే నేల తరిగేకొద్దీ అన్నీ ఒకచోట చేరతాయి, అప్పుడు చూడాలి. చొల్లంగి వంతెన చెట్ల మధ్య ఉండేది కాబట్టి ఈ పిట్టలకు అది సరైన చోటు కాదు. కాకినాడ ఊరి అంచున కుంభాభిషేకం అనే చోట బురద మేటలు ఉన్నాయి. చలికాలంలో గ్రేట్ నాట్, పెద్ద ఉల్లంకులు, ఇండియన్ స్కిమ్మర్లు అక్కడ దిగుతాయి. స్కిమ్మర్‌ను గుర్తుపట్టడం తేలిక: నారింజ రంగు ముక్కు, కింది దవడ పై దవడకంటే పొడుగు. ఆ కింది దవడను నీళ్లలో ముంచి గీత గీస్తున్నట్టు ఎగురుతుంది. గ్రేట్ నాట్ సైబీరియా ఈశాన్య కొసన గుడ్లు పెట్టే పిట్ట. ఈ రెండూ ప్రపంచవ్యాప్తంగా అంతరించే ప్రమాదంలో ఉన్నవే. మేట మీద దిగిన గుంపును ఎగరగొట్టి ఫొటో తీయడం వద్దండీ. వేల కిలోమీటర్ల ప్రయాణానికి అవి కొవ్వు కూడబెట్టుకునే చోటు అది. ప్రతిసారీ లేచి ఎగిరితే ఆ కూడబెట్టిందంతా ఖర్చయిపోతుంది.

అభయారణ్యం లోపల అయితే లకుముకి పిట్టల్లో తెల్ల గొంతుదీ, చలికాలంలో నల్ల తలదీ చూడొచ్చు. నారాయణ పక్షి, తెల్ల కొంగలు, గుడ్డి కొంగ, నీటికాకి, గరుడ పక్షి మామూలే. బయట తాళ్లరేవు వైపు పోయే రోడ్డు పక్కన నీళ్లు తోడేసిన రొయ్యల చెరువు కనబడితే ఆగండి, నత్తగుల్ల కొంగలు వాలి ఉండే అవకాశం ఎక్కువ. చెరువులు సొంతదారులవి, గట్టు ఎక్కేముందు అడగాలి.

బైనాక్యులర్ కొనేవాళ్లు 8×42 తీసుకోండి. 10 రెట్లది బోటు ఊపులో నిలవదు. కెమెరాకు 300 మిల్లీమీటర్ల పైన లెన్స్ ఉంటే పక్షులు, లేకపోతే ఫోన్‌తో పీతలు, చేపలు, వేళ్లు. ఫోన్‌కు అవే బాగా వస్తాయి.

తాబేళ్లు, హోప్ ఐలాండ్

మీరు అడగలేదు గానీ జనవరి అన్నారు కాబట్టి చెబుతున్నాను. కాకినాడ సముద్రానికి అడ్డుగోడలా ఉన్న సుమారు 16 కిలోమీటర్ల ఇసుక దిబ్బ హోప్ ఐలాండ్. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి రాత్రిళ్లు ఇసుక ఎక్కుతాయి. ఒక్కో గూటిలో సుమారు వంద గుడ్లు, ఏడెనిమిది వారాల్లో పిల్లలు వస్తాయి. దీవికి బోటు సముద్రం బాగుంటేనే, అనుమతి ఉంటేనే. రాత్రి వెళ్లి తాబేలు చూద్దామనుకోవడం మాత్రం సరికాదు. టార్చి వెలుతురు చూస్తే తల్లి గుడ్లు పెట్టకుండానే వెనుదిరుగుతుంది, పిల్లలు దీపాల వైపు దారి తప్పుతాయి. పొద్దున ఒడ్డున నడిస్తే ట్రాక్టరు చక్రం పోయినట్టు ఇసుకలో రెండువైపులా గుర్తులు కనబడతాయి, అది తాబేలు వచ్చి వెళ్లిన జాడ. దాన్ని చెరపకుండా, తవ్వకుండా అటవీ సిబ్బందికి చెప్పండి. మార్చి మొదట్లో వచ్చేవాళ్లకు హేచరీల (గుడ్లను కాపాడి పొదిగించే చోట్ల) నుంచి పిల్లలను సముద్రంలోకి వదలడం చూసే వీలుంటుంది, దానికీ సిబ్బందిని ముందుగా అడగాలి.

మీ ఒక్క రోజుకు

పెద్దవాళ్లూ పిల్లలూ ఉన్నారు కాబట్టి రోజంతా లోపల ఉండాలని పట్టుబట్టొద్దు, ఎండ తగ్గినా ఉక్క తగ్గదు. ఆటు మధ్యాహ్నం పడే రోజైతే పొద్దున ఏడింటికి కుంభాభిషేకం దగ్గర పోటు ఎక్కుతుండగా పక్షులు, పదింటికి చొల్లంగిలో బోటు, భోజనానికి కాకినాడ, రెండున్నరకు మళ్లీ వచ్చి నడక. ఆటు పదకొండు ప్రాంతంలో పడే రోజైతే గేటు తీయగానే నడక, నీళ్లు ఎక్కాక రెండింటికి బోటు. మనిషికి లీటరున్నర నీళ్లు, టోపీ, దోమల మందు తప్పనిసరి, దోమలు సాయంత్రం నాలుగు దాటితే విరుచుకుపడతాయి. ఎర్ర, తెల్ల బట్టలు వద్దు, ఆకుపచ్చ, ఖాకీ, బూడిద రంగులు వేసుకోండి. తినుబండారాల సంచి బయటే ఉంచండి, కోతులుంటే లాక్కుంటాయి, కవర్లు కాలువలో పడితే ఆటుతో నేరుగా సముద్రంలోకి పోతాయి.

అక్టోబరు, నవంబరుల్లో వచ్చే వేరేవాళ్లు ఇది చదివితే తుపాను హెచ్చరిక చూసుకుని బయల్దేరండి. జులై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి వరద నీరు ఎర్రగా దిగుతుంది, బురద అంచులు కనబడవు, వలస పక్షులూ తక్కువే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అన్నిటికీ అనువు. చొల్లంగి, తాళ్లరేవు మధ్య రోడ్డు మీద రాత్రి కారు నడపాల్సి వస్తే వేగం తగ్గించండి. నీటిపిల్లులు, నక్కలు రోడ్డు దాటే వేళ అది. దెబ్బ తగిలిన జంతువు కనబడితే చేత్తో పట్టుకోకుండా, దూరంగా కారు ఆపి, దీపాలు తగ్గించి అటవీ సిబ్బందికి ఫోన్ చేయండి. భయపడిన నీటిపిల్లి గట్టిగా కరుస్తుంది.